నైలానా, రేడియలా: పాత కారు కాళ్ళకి ఏ జోడు?

(సంక్రాంతికి ముందు ఆదివారం, మండపేట దగ్గర ఒక రైసుమిల్లు కళ్ళంలో పాత కార్ల యజమానులు కలుసుకున్నప్పుడు, రావులపాలేనికి చెందిన ఒక టైర్ల వ్యాపారి చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినబడుతోందా? ఆయ్, అయితే సరే.

నేను ప్రసంగాలు చేసేవాణ్ణి కాదండి. మా నాన్నగారు రావులపాలెంలో అరటిగెలల లారీలు ఆగే చోట రీట్రేడింగ్ షాపు పెట్టారు. గుండైపోయిన టైరు వస్తే కొత్త గ్రిప్పు వేసి పంపించేవారు. నాకు బడి ఎంత గుర్తుందో తెలీదుగాని ఆ కాలిన రబ్బరు వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులోనే ఉంది. పిల్లిని చంకలో పెట్టుకున్నట్టు ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు అక్కడున్న కార్ల టైర్లే చూస్తాను. మా ఆవిడ తిడుతుంది, పెళ్ళికొడుకుని చూడరా మీరు అని.

ఈరోజు పొద్దున్నుంచి నన్ను అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. ‘ఏవండీ, పాత కారుకి అప్పటి నైలాన్ టైరే వెయ్యాలా, ఇప్పటి రేడియల్ వేసేసుకోవచ్చా?’ నా షెడ్డులో రెండు పాత బళ్ళున్నాయి. ఒకటి 1971 అంబాసిడరు. రెండోది జీపు. అంబాసిడరుకి రేడియల్స్ ఉన్నాయి, జీపుకి నైలాన్ ఉన్నాయి. ఇది చూసి మీకు అర్థమైపోవాలి, నా దగ్గర ఒకే జవాబు లేదని. కానీ ఆ రెండిటికీ ఎందుకలా వేశానో చెప్తాను. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, అదీ చెప్తాను.

మీ మెడలో కండువా ఉందా బాబాయిగారూ? ఒకసారి ఇలా ఇవ్వండి. ఇదిగో, అందరూ చూడండి. దీన్ని నూలు వెంబడి నిలువుగా పట్టి లాగుతున్నాను. సాగట్లేదు కదా? ఇప్పుడు ఐమూలగా పట్టుకుని లాగుతాను. చూశారా, ఎలా సాగిందో! వెడల్పు తగ్గి పొడుగు పెరిగింది. గళ్ళన్నీ డైమండ్ల లాగా అయిపోయాయి. వదిలితే మళ్ళీ మామూలే. మన ఆడవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు, జాకెట్టు గుడ్డ ఐమూలగా కత్తిరిస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

మనం షాపులో నైలాన్ టైరు అనేది, పుస్తకాల్లో క్రాస్‌ప్లై అనేది, ఆ ఐమూల గుడ్డండి. లోపలి దారాలు ఒక వరస ఇటు ఏటవాలుగా, దాని మీద ఇంకో వరస అటు ఏటవాలుగా, అలా నాలుగు పొరలో ఆరు పొరలో. టైరు మీద ‘4 పీఆర్’, ‘6 పీఆర్’ అని ఉండేది ప్లై రేటింగ్, అంటే ఆ పొరల బలం చెప్పే అంకె. చక్రం తిరిగిన ప్రతిసారీ రోడ్డుకి ఆనిన చోట ఆ గళ్ళన్నీ కత్తెర్లలాగా తెరుచుకుని మూసుకుంటాయి. పొర మీద పొర రాసుకుంటుంది. రాసుకుంటే వేడి. వేడి వల్ల అరుగుదల. పక్కగోడ కదిలితే నేల మీద ఆనే భాగం కూడా దానితోపాటు మెలితిరుగుతుంది.

రేడియల్ టైరులో దారాలు ఐమూలగా ఉండవు. ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా, తిన్నగా పోతాయి. పైన గ్రిప్పు కింద మాత్రం చుట్టూ ఒక పటకా బిగిస్తారు, ఎక్కువగా ఉక్కు తీగలతో. ధోవతి మీద మొలతాడు బిగించినట్టు అనుకోండి. పక్కగోడ ఎంత కదిలినా ఆ పటకా వల్ల కింది భాగం రోడ్డుకి చదునుగా అతుక్కుని ఉంటుంది. ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్ళు 1946లో పేటెంటు తీసుకున్నారు దీనికి. అక్కడ మిన్యోల్ అనే పరిశోధకుడు వేడి ఎక్కణ్ణుంచి పుడుతోందో చూద్దామని పక్కగోడల్లో రబ్బరు తీసేసి, దూరదూరంగా తీగలు మాత్రం పెట్టి ఒక టైరు చేశాడు. చూడ్డానికి పంజరంలా ఉండేదిట, దానికి ఈగల బోను అని పేరు పెట్టారు. ఆ బోను నుంచి వచ్చిందే ఇవాళ మీ అబ్బాయి కారుకున్న టైరు.

మన దేశంలో డన్‌లప్ వాళ్ళు బెంగాల్లో సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది 1936లో. మన చిన్నప్పుడు అంబాసిడర్లకీ ఫియట్లకీ అన్నీ నైలానే. ఇక్కడ రేడియల్ 1977లో మొదలైందిగాని మా షాపులోకి మామూలు సరుకుగా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. వచ్చిన కొత్తలో మా నాన్నగారు దాన్ని నమ్మలేదు. ‘ఒరేయ్, ఇదేంటిరా, ఎంత గాలి కొట్టినా పొట్ట ఉబ్బినట్టే ఉంటుంది’ అనేవారు. అది నిజం. రేడియల్ కింది భాగం ఎప్పుడూ కాస్త ఉబ్బుగానే కనబడుతుంది, దాని తీరే అంత. ఇప్పటికీ మన పెద్దవాళ్ళు ఆ పొట్ట చూసి గాలి లేదనుకుని ఇంకో పది పౌండ్లు కొట్టించేస్తారు. అప్పుడు మధ్యలో మాత్రమే అరుగుతుంది. మీ కళ్ళని నమ్మకండి, గేజిని నమ్మండి.

(వెనక నుంచి ఎవరో: ‘నైలానుకి ఎంతుందో అంతే పెట్టమంటారా?’)

లేదండి. కారుతో వచ్చిన పుస్తకంలో పౌండ్లు ఆ కాలపు నైలాన్ టైరుకి రాసినవి. రేడియల్ వేస్తే సాధారణంగా రెండు మూడు పౌండ్లు ఎక్కువే అడుగుతుంది. వేశాక కొన్నాళ్ళు తిప్పి అరుగుదల చూసుకోండి. అంచులు అరిగితే తక్కువ, మధ్య అరిగితే ఎక్కువ.

ఇప్పుడొక కథ చెప్పాలి. సిగ్గుపడుతూ చెప్పే కథ.

1994, సార్వా కోతలప్పుడు. మా నాన్నగారి అంబాసిడరుకి నాలుగు టైర్లూ అయిపోయాయి. చేతిలో డబ్బులు రెండిటికే ఉన్నాయి. నేను కొత్తగా షాపులో కూచున్న కుర్రాణ్ణి, మాంచి ఊపు మీదున్నాను. రెండు రేడియల్స్ తెచ్చి, కొత్తవి ముందుండాలి కదా స్టీరింగు ముందుంటుంది కదా అని ముందు రెండు చక్రాలకీ ఎక్కించేశాను. వెనకాల పాత నైలానే. నాన్నగారు ఏమీ అనలేదు, ఆయన దృష్టంతా లారీ టైర్ల మీదే.

కొత్తపేట వైపు ఒక పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. కాలవ గట్టు మీద రోడ్డు. మధ్యాహ్నం చినుకులు పడి ఆగాయి. రోడ్డు మీద ధాన్యం ఎత్తేశారుగాని గడ్డి అక్కడక్కడా ఉంది, తడిసి నేలకి అంటుకుపోయి. లాకులు దాటాక ఒక వంపుంటుంది. నేనేమీ స్పీడుగా లేనండి, యాభై లోపే. స్టీరింగు తిప్పగానే ముందు భాగం ఎంత చక్కగా తిరిగిందంటే నాకు గర్వంగా అనిపించింది. ‘అమ్మా చూశావా కొత్త టైర్లు’ అని అనబోతున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే వెనకాల డిక్కీ నన్ను దాటి ముందుకొచ్చేసింది. నిజంగానండి, పక్క కిటికీలోంచి మేం వచ్చిన రోడ్డే కనబడింది. కారు సగం గుండ్రంగా తిరిగి, వెనక చక్రం గట్టు అంచు దాటి కాలవ మీద వేలాడింది. ఒక కొబ్బరి చెట్టు వెనక తలుపుకి ఆనుకుని ఆపింది. మా అత్తయ్య ఒళ్ళో సున్నుండల డబ్బా అలాగే ఉంది, మూత కూడా ఊడలేదు. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి నా కారెక్కలేదు.

ఎందుకు జరిగిందో నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. నైలాన్ టైరుకి పక్క బలం పుట్టాలంటే అది కొంచెం ఎక్కువ వంకరపోవాలి. మీరు స్టీరింగు ఇంత తిప్పితే బండి అంత తిరగదు, టైరు కొంత మెలితిరిగి, కొంత పక్కకి జరిగి అప్పుడు పట్టుకుంటుంది. రేడియల్ అంత మెలి లేకుండానే గట్టిగా పట్టేస్తుంది. ముందు రేడియల్, వెనక నైలాన్ అంటే ముందోడు గబుక్కున మలుపు తిరిగాడు, వెనకోడు అందుకోలేక జారిపోయాడు. కావడి మోసేవాళ్ళలో ముందువాడు చటుక్కున తిరిగితే వెనకవాడు ఎటు పడతాడో ఆలోచించండి. ఇంగ్లండులో ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై వేసి రోడ్డెక్కడం చట్టం ఒప్పుకోని పని. మన దగ్గర ఎవరూ ఆపకపోవచ్చు, కాలవ ఆపుతుంది. ఒకే ఇరుసుకి ఒక పక్క అదీ ఒక పక్క ఇదీ అసలే వద్దు. తప్పనిసరై కలపాల్సి వస్తే రేడియల్స్ వెనక్కే వెళ్ళాలి. నా మాట వింటే అసలు కలపకండి. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే జాతి ఉండాలి. ఎందుకంటే పంక్చర్ అయిన రాత్రి మీరు ఆ ఐదోదే వేస్తారు.

మరి నైలాన్ చెడ్డదా అంటే, అదీ కాదండి. మన అంబాసిడరు మూలం ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డు. 1950ల బండి. దాని ముందు స్ప్రింగుల బదులు మెలితిరిగే టార్షన్ బార్లు, వెనక పట్టీ స్ప్రింగులు, రిమ్ములు, అన్నీ నైలాన్ లాంటి టైరు మెలితిరుగుతుంది అని లెక్కేసుకుని గీసినవి. నైలాన్ టైరు జారే ముందు చెప్పి జారుతుంది. సీటు కింద మెత్తగా తెలుస్తుంది, ‘బాబూ నేను పోతున్నాను’ అని. రేడియల్ ఆఖరి దాకా పట్టుకుని ఒక్కసారి వదులుతుంది. పట్టు ఎక్కువైతే ఆ బలమంతా ఎక్కడికి పోతుంది? రిమ్ముకీ, బోల్టు రంధ్రాలకీ, ముందు చక్రాలు మలుపు తిరిగే కింగ్ పిన్నులకీ. యాభై ఏళ్ళ రిమ్ముకి రేడియల్ ఎక్కించే ముందు రంగు గీకి బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుక లాంటి పగులు ఉందేమో చూడండి. ఇద్దరి రిమ్ముల్లో నేనే చూపించాను. వాళ్ళు ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను.

పార్కింగులో స్టీరింగు బరువు కూడా పెరుగుతుంది రేడియల్‌తో. అదే పెద్ద రోడ్డెక్కాక సుఖం. నైలాన్ టైరు రోడ్డు మీద గాడి ఎటుంటే అటు పోతుంది. జాతీయ రహదారిలో లారీల చక్రాలు పడి రెండు గాళ్ళు పడతాయి చూడండి, సిద్ధాంతం ఊరి వైపు, అందులో నైలాన్ బండి నడిపితే నాగలి పట్టుకున్నట్టే. ఇంకోటి, రాత్రంతా నిలబెట్టిన నైలాన్ టైరుకి కింద చదునైన మచ్చ పడుతుంది. పొద్దున్నే బయల్దేరితే మొదటి రెండు మూడు కిలోమీటర్లు దడదడదడ. కంగారు పడి బేరింగులు మార్పించినవాళ్ళున్నారు! వేడెక్కితే అదే పోతుంది.

మా అంబాసిడరుకి రేడియల్ ఎందుకంటే అది పెళ్ళిళ్ళకి తిరుగుతుంది. అమలాపురం, రాజోలు, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, ఒక్కోసారి ఏలూరు దాకా. వర్షంలో, రాత్రిపూట, వెనకాల పెళ్ళికూతురు ఏడుస్తూ. తడి రోడ్డు మీద ఆగే దూరం నాకు కావాలి. బ్రేకులు ఎలాగూ అప్పటివే, టైరన్నా ఇప్పటిది ఉండాలని.

కానీ సైజు దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు, కాస్త జాగ్రత్తగా వినండి. పాత అంబాసిడరు టైరు 5.90-15. ఆ 5.90 అంటే వెడల్పు అంగుళాల్లో. ఎత్తు ఎంతో రాయలేదు, ఎందుకంటే అప్పటి టైర్లలో ఎత్తు దాదాపు వెడల్పంత ఉండేది. నేను టేపు పెట్టి కొలిస్తే మొత్తం ఎత్తు 26 అంగుళాల పైన కొంచెం వచ్చింది, 665 మిల్లీమీటర్లు అనుకోండి. ఇప్పుడు షాపుకెళ్ళి ‘15 సైజు’ అని అడిగితే కుర్రాడు 185/65 ఆర్ 15 తీసి ఇస్తాడు. మన లెక్క వేద్దాం. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో. 185లో నూటికి 65 అంటే 120. పైన 120, కింద 120, మధ్యలో 15 అంగుళాల రిమ్ము అంటే 381. మొత్తం 621. 665కీ దీనికీ తేడా 44, అందులో సగం, అంటే ముప్పాతిక అంగుళానికి పైగానే మీ కారు కిందికి దిగిపోయింది. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు మీకు తెలుసు, ఎవరింటి ముందు వాళ్ళు రాత్రికి రాత్రి కట్టుకున్నవి. సైలెన్సరు గీసుకుంటుంది. మీటరు 60 చూపిస్తే మీరు నిజంగా వెళ్ళేది 56. ఇంజను ఊరికే ఎక్కువ తిరుగుతుంది. అన్నిటికంటే, 185 టైరు కనీసం 5 అంగుళాల వెడల్పు రిమ్ము అడుగుతుంది. మన పాత రిమ్ములు అంతకంటే సన్నం. సన్నం రిమ్ములో లావు టైరు వేస్తే, చిన్న చెప్పులో పెద్ద కాలు దూర్చినట్టు, పక్కలు ఉబ్బి వంపుల్లో తూలుతుంది.

వెతకాల్సింది సన్నగా ఎత్తుగా ఉండే రేడియల్. 165/80 ఆర్ 15 అయితే 645 వస్తుంది. ఫర్వాలేదు. ఫియట్ వాళ్ళకి 5.20-14, హెరాల్డు వాళ్ళకి 5.20-13, మీరూ ఇదే లెక్క వేసుకోండి, కాగితం మీద రెండు నిమిషాల పని. బరువు అంకె కూడా చూడండి. 84 అని ఉంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. అంబాసిడరు ఖాళీగానే 1,100 కిలోలు దాటుతుంది, మన పెళ్ళిబృందం ఎనిమిదిమంది, డిక్కీలో సారె కావిళ్ళు. లెక్క మీరే చూసుకోండి.

ట్యూబు మాట. పాత రిమ్ములో టైరు అంచు జారకుండా పట్టే గట్టు ఉండదు, అందుకని ట్యూబ్‌లెస్ టైరు వేసినా ట్యూబు పెట్టాల్సిందే. తీగల చక్రాలకైతే చెప్పనే అక్కర్లేదు. రేడియల్‌కి పనికొచ్చే ట్యూబే అడగండి. వేసే ముందు టైరు లోపల చెయ్యి పెట్టి చూడండి. కంపెనీవాళ్ళు అంటించిన కాగితం చీటీ ఉంటే పీకెయ్యాలి. ఆ చీటీ అంచు ట్యూబుని రాసి రాసి నెలరోజుల్లో సన్నటి చిల్లు పెడుతుంది. పంక్చర్ అబ్బాయి మేకు కోసం వెతుకుతుంటాడు, మేకుండదు.

జీపు సంగతి. నా జీపు పొలం గట్ల మీద తిరుగుతుంది, కొబ్బరి తోటల్లోకి పోతుంది. మన గట్ల అంచుల్లో రాళ్ళు, నరికిన మొదళ్ళు. రేడియల్ పక్కగోడ పల్చన, కోసుకుంటే అంతే సంగతులు. నైలాన్ పక్కగోడ మందం, దెబ్బ తట్టుకుంటుంది. స్పీడు ఎలాగూ లేదు. అందుకే 6.00-16 నైలానే ఉంచాను. పైగా అదే సైజు ఇక్కడ దొరుకుతుంది... ఎందుకు నవ్వుతున్నారు? ఆయ్, అర్థమైంది. ట్రాక్టరు ముందు టైరు కూడా 6.00-16 కదా! మనవాళ్ళు సగంమంది జీపులకి అవే వేశారు. మూడు గీతలుంటాయి, చవక, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. కానీ దాని మీద చిన్నగా ‘ఏ6’ అనో ‘ఏ8’ అనో ఉంటుంది, చదివారా ఎప్పుడైనా? ఏ6 అంటే గంటకి 30 కిలోమీటర్లు. ఏ8 అంటే 40. అది దుక్కి దున్నే టైరు. దాన్ని వేసుకుని యానాం వంతెన మీద డెబ్బైలో పోతే, ఆ టైరు ఏం తప్పు చేసిందండీ?

ఇప్పుడు, ముందు అడగాల్సిన ప్రశ్న అన్నాను కదా. నైలానా రేడియలా అన్నది తర్వాతండి. ఆ టైరు పుట్టినరోజు ఎప్పుడు? ముందు అది అడగండి.

2021లో వింటేజి కార్లకి కేంద్రం రూల్సు పెట్టింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు తీరు మారకుండా ఉంటే ‘వీఏ’ నంబరు ఇస్తారు. టైరు మారిస్తే వింటేజి పోతుందా అని నాకు ఫోన్లొస్తాయి. దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి, అంతే. అంటే ఏడాదికి ఏ మూడు వందల కిలోమీటర్లో. ఆ లెక్కన గ్రిప్పు అరగాలంటే మీ మనవళ్ళ కాలం రావాలి. మన బళ్ళ టైర్లు అరిగి చావవండి, ముసలితనం వచ్చి చస్తాయి. చూడ్డానికి కొత్తగా ఉంటూనే.

రబ్బరులో ఒక మైనం లాంటిది కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అది కొద్దికొద్దిగా పైకి ఊరి, గాలిలో ఓజోను నుంచి కాపాడుతుంది. నిలబెట్టేసిన టైరులో నలుగుడు లేదు, ఊరడం లేదు. అందుకే రోజూ తిరిగే టాక్సీ టైరుకి లేని పగుళ్ళు షెడ్డులో దుప్పటి కప్పి దాచిన టైరుకి వస్తాయి. ఓజోను అంటే ఎక్కడో ఆకాశంలో అనుకోకండి, కరెంటు మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలొస్తాయి చూడండి, అక్కడా పుడుతుంది. ఈ మిల్లులో మోటార్ల గది పక్కన ఎవరిదో కారు ఏడాదిగా ఉందని విన్నాను. ఇవాళే తీసి ఇంకో పక్క పెట్టండి. ఇంకొక అలవాటు మనది, పెళ్ళికి ముందు రోజు టైర్లకి డీజిల్ పూసి నల్లగా మెరిపించడం. డీజిల్ రబ్బరుని తినేస్తుంది. సబ్బు నీళ్ళు చాలు. రొయ్యల లారీల వెనకాల ఉప్పునీళ్ళు కారిన రోడ్డు మీద తిరిగొస్తే రిమ్ము లోపలి అంచు కూడా కడగండి, అక్కడ తుప్పు పట్టి ట్యూబుని కోస్తుంది.

పుట్టినరోజు చదవడం తేలిక. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఒక పక్కే ఉండొచ్చు, కనబడకపోతే కారు కిందికి దూరి లోపలి పక్క చూడండి. మూడే అంకెలుంటే ఇక చదవక్కర్లేదు, అది 2000కి ముందు పుట్టింది. ఐదేళ్ళు దాటితే ఏటేటా విప్పి చూపించండి. పదేళ్ళు దాటితే గ్రిప్పు ఎంతున్నా సరే, కొబ్బరి మొక్క చుట్టూ పాదుకి వాడుకోండి. ఇంగ్లండులో 2021 నుంచి బస్సులకీ లారీలకీ ముందు చక్రాల మీద పదేళ్ళు దాటిన టైరు ఉండకూడదని చట్టమే చేశారు.

నేనూ మోసపోయాను, ఇన్నేళ్ళుగా షాపులో కూచున్నవాణ్ణి! ఒకాయన ‘కొత్త సరుకు, విప్పని ప్యాకింగు’ అని ఐదు నైలాన్ టైర్లు అమ్మాడు. ప్యాకింగు నిజంగానే విప్పలేదు. పదమూడేళ్ళుగా విప్పలేదు. గోరుతో నొక్కితే రబ్బరు లోపలికి పోలేదు, చెక్కలాగా టక్‌మంది. గ్రిప్పు గాళ్ళ లోపల వంచి చూస్తే ఎండిన చెరువు అడుగులాగా పగుళ్ళు.

అందుకని అప్పటి డిజైనే కావాలనే వాళ్ళకి నా మాట ఇదీ. తెల్ల పట్టీ టైరు, పాత గ్రిప్పు గీతలు, బయట దేశాల్లో ఇప్పటికీ తాజాగా చేసేవాళ్ళున్నారు. పైకి పాత నైలాన్ లాగా కనబడుతూ లోపల రేడియల్ అయినవి కూడా చేస్తున్నారు. సినిమా షూటింగులకి కార్లిచ్చే మన కోనసీమ మిత్రులు ఇది గుర్తుపెట్టుకోండి, 1950ల కథలో పక్కగోడ పొట్టిగా ఉండే ఇప్పటి టైరు కనబడితే కళా దర్శకుడు మీ మీద పడతాడు. కానీ ఇక్కడికి తెప్పించుకోవడం కష్టం. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలన్నారు, దానికి ముందు నుంచే ఐఎస్ఐ ముద్ర గొడవ ఉంది. పాత డిజైను ముసలి నైలాను, కొత్త డిజైను తాజా రేడియలు, ఈ రెండే ఎదురుగా ఉంటే నేను కళ్ళు మూసుకుని తాజాదే వేస్తాను. తాజా నైలాను, తాజా రేడియలు రెండూ దొరికితే, అప్పుడు కూచుని టీ తాగుతూ వాదించుకుందాం.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూద్దాం. ఆ చివర వేపచెట్టు కింద ఆకుపచ్చ ఫియట్ ఎవరిదండీ? మీదా? చాలా బాగుంచారు. నాలుగు టైర్లూ నేను పొద్దున్నే చూశాను, తాజావే. స్టెప్నీ ఎప్పుడైనా తీశారా? తీయలేదా. మీ అబ్బాయినొకసారి డిక్కీ తీసి అంకెలు చూసి రమ్మనండి. టార్చి తీసుకెళ్ళమ్మా, పక్కగోడ మీద మట్టి తుడిచి చూడు.

ఈలోపు ఇంకెవరైనా అడుగుతారా?

(ఒకరు: ‘రీట్రేడింగ్ చేయించుకోవచ్చా అండీ, పాత టైరు ఒరిజినల్ కదా?’)

మా నాన్నగారు వింటే సంతోషించేవారు. లారీ టైరుకి చేస్తాం, ఎందుకంటే అది రెండేళ్ళలో అరిగి వస్తుంది, లోపలి ఒళ్ళు ఇంకా కుర్రదే. మీ టైరు లోపలి ఒళ్ళే ముసలిది. దాని మీద కొత్త రబ్బరు అతికితే ఏం లాభం? గోడకి తగిలించుకుంటానంటే చెప్పండి, ఉచితంగా మెరిపించి ఇస్తాను, డీజిల్ లేకుండా.

ఆఁ, వచ్చాడు. చెప్పు బాబూ, ఎంతుంది?

(కుర్రాడు: ‘419 అండి.’)

ముందు ఇంకో అంకె లేదా? సరిగా తుడిచావా?

(‘లేదండి, మూడే ఉన్నాయి.’)

41వ వారం, 9తో ముగిసే ఏడు. 1999 అనుకుందాం, కాకపోతే 89. నీకెన్నేళ్ళమ్మా?

(‘పద్ధెనిమిదండి.’)

వినబడిందా అండీ, ఫియట్ గారూ?